రెండో తేడా

ఆఫీసులో ఆమెను అందరూ భూతద్దం అనేవారు. మొదట్లో వెనకాల అనేవారు, పోనుపోను మొహం మీదే అనడం మొదలుపెట్టారు, చివరికి ఆమే ఆ పేరుకు పలకడం అలవాటు చేసుకుంది. మనమూ అలాగే పిలుద్దాం.

ఆమె పని బొమ్మల్ని పోల్చడం. వాళ్ళ కంపెనీ ఫోన్లలో వాడే ఒక యాప్ తయారుచేస్తుంది. ప్రోగ్రామర్లు అందులో ఏ కాస్త మార్చినా యాప్ తెరలన్నీ మళ్ళీ ఫోటోలుగా దిగుతాయి. నిన్నటి ఫోటోకీ ఇవాళ్టి ఫోటోకీ ఏం మారిందో చెప్పాలి. రోజుకు వందల తెరలు, మామూలు కళ్ళతో అయ్యే పని కాదు. అందుకని ఆమె కంప్యూటర్లో నల్లటి కిటికీ ఒకటి తెరిచి, కంపేర్ అని టైపు చేసి, రెండు ఫైళ్ళ పేర్లు రాసి ఎంటర్ కొడుతుంది. మూడో ఫైలొకటి పుడుతుంది. అందులో బొమ్మంతా ఉతికి ఉతికి వెలిసిన బట్టలా పాలిపోయి ఉంటుంది, తేడా ఉన్న చోట మాత్రం ఎర్రగా ఉంటుంది. ఒక బటన్ వెంట్రుకవాసి పక్కకు జరిగినా దాని అంచున ఎర్రగీత పడుతుంది.

"కంటికి ఆనని తేడా కూడా తేడాయేనా తల్లీ?" అని ప్రోగ్రామర్లు మొత్తుకునేవారు.

"నా కంటికి ఆనిందిగా," అనేది భూతద్దం, తల కూడా ఎత్తకుండా.

నిజానికి ఆ కంపేర్ అనేది మహా చాదస్తపు సరుకు. వెలుగు కాస్త తగ్గినా, నలుపు ఒక పిసరు పెరిగినా, తేడా తేడా అని గగ్గోలు పెడుతుంది. దాని నోరు మూయించాలంటే ఇంతవరకూ వదిలెయ్ అని ఒక అంకె ఇవ్వాలి. రంగు నూటికి పది వంతులు అటూ ఇటూ అయినా ఒకటే రంగు అనుకో, బొమ్మలోని చుక్కల్లో నూటికి రెండుకన్నా తక్కువ మారితే ఒకటే బొమ్మ అనుకో, ఇలా. ఎంతవరకూ వదిలెయ్యాలో యంత్రానికి తెలియదు, మనిషే చెప్పాలి.

ఈ తేడాల పిచ్చి ఆమెకు తల్లి నుంచి వచ్చింది. తల్లి టైలరమ్మ. ముందు గదిలో కుట్టుమిషను, గోడకు మేకులు కొట్టిన చెక్క, ఆ మేకులకు వరసగా దారపు రీళ్ళు. గుడ్డ తెచ్చినవాళ్ళు "ఆ దారం దాదాపు ఇదే రంగు కదండీ, కుట్టెయ్యండి" అంటే ఆవిడకు చిర్రెత్తుకొచ్చేది. "దాదాపు అన్న మాట నా మిషను దగ్గర అనకండి. వేసుకున్నాక అందరి కళ్ళూ ముందు ఆ కుట్టు మీదకే పోతాయి," అని గుడ్డను గుమ్మంలోకి తీసుకెళ్ళి, ఎండలో ఒకసారి, నీడలో ఒకసారి దారం పక్కన పెట్టి చూసుకునేది. నప్పలేదంటే నప్పలేదంతే, ఆ గుడ్డ మర్నాటికి వాయిదా.

వారపత్రిక ఆఖరి పేజీలో రెండు బొమ్మలు వేసి ఆరు తేడాలు కనిపెట్టమనేవారు. తల్లీకూతుళ్ళిద్దరూ మిషను బల్ల మీద ఆ పేజీ పరుచుకుని పోటీపడేవారు. భూతద్దానికి అప్పుడు ఎనిమిదేళ్ళు. అయిదు గబగబా పట్టేసేది, ఆరోది దొరికేది కాదు. "అయిదే ఉన్నాయమ్మా, వాళ్ళే తప్పు వేశారు," అని పెన్సిలు విసిరికొట్టేది. తల్లి పంటితో దారం తెంపుతూ పేజీ వైపు ఓరగా చూసి, "ఇంకోటి ఉంది. చూడు," అనేది. ఎక్కడుందో చచ్చినా చెప్పేది కాదు. పిల్ల ముక్కు కాగితానికి ఆనించి వెతికి వెతికి పట్టుకుంటే, "ఉందన్నానా లేదా?" అని మెత్తగా ఒక మొట్టికాయ వేసేది.

అలాంటి మనిషికి మిషను తొక్కుతూ తొక్కుతూ ఉండగానే పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి. మెడ తిప్పలేకపోయేది. మాట పోయింది. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చేసరికి అన్ని మాటల్లోనూ ఒక్కటే మిగిలింది, "చూడు" అన్నది. ఆకలేసినా చూడు, నొప్పి పుట్టినా చూడు, దుప్పటి జారినా చూడు.

తండ్రి రిటైరైన బస్సు డ్రైవరు. మాట తక్కువ మనిషి. భార్య మంచాన పడ్డాక వండటం, ఒళ్ళు తుడవడం, పక్క మార్చడం అన్నీ ఆయనే నేర్చుకుని, ఎవర్నీ చెయ్యి పెట్టనిచ్చేవాడు కాదు. ఆవిడ ఇంటికొచ్చిన మొదటి వారంలోనే ఆయన ఒక తిక్క పని చేశాడు, అంటే కూతురు అలా అనుకుంది. మూలనున్న అద్దం బీరువాను ఈడ్చుకొచ్చి మంచానికి ఎదురుగా నిలబెట్టాడు. అదైనా తిన్నగా కాదు, ఏటవాలుగా. గదిలో కాలు తీసి కాలు పెట్టడానికి చోటు లేకుండా పోయింది. భూతద్దం మోకాలు రోజుకోసారి దాని మూలకు కొట్టుకునేది.

"ఇదేంటి నాన్నా, ఇలా అడ్డంగా?"

"ఉండనీ," అన్నాడాయన. అంతకు మించి ఒక్క ముక్క చెబితే ఒట్టు.

ఇది చాలదన్నట్టు పొద్దున్నే కిటికీ తెర మూసేసి లైటు వేసేవాడు. "కాస్త ఎండ పడనీ నాన్నా, అమ్మకు మంచిది," అని ఆమె తెర లాగితే, ఆయన మారుమాట్లాడకుండా వెళ్ళి మళ్ళీ మూసేవాడు. నాలుగు రోజులు మాత్రం ఆమె పంతమే నెగ్గింది.

తల్లి కోసం భూతద్దం కూడా ఒకటి చేసింది. పాత ఫోనుకు స్టాండు కొని మంచం ఎడమ పట్టెకు మరలు బిగించింది. ఛార్జరు తీగ కూడా దానికే కట్టేసింది, ఊడదీసే పని లేకుండా. ఎడమ బొటనవేలు ఆనిస్తే చాలు, ఫోటో పడుతుంది. వేలి తాకిడికి ఫోను అదిరి ఫోటో చెదరకుండా అయిదు సెకన్ల టైమరు పెట్టింది. సరిగ్గా పనిచేస్తోందా లేదా అని మొదటి ఫోటో తనే తీసింది. గోడ, గోడ గడియారం, దాని కింద బీరువా.

"ఇదిగోమ్మా, ఇక నీకు తోచినప్పుడల్లా తీసుకో."

"చూడు," అంది తల్లి, సంబరంగా.

రోజూ ఎనిమిదింటికల్లా భూతద్దం కాళ్ళకు చక్రాలు కట్టుకున్నట్టు తిరిగేది. ఎనిమిదీ పదికి వీధి తలుపు పక్కన స్టూలు మీద కూర్చుని, గదివైపు వీపు పెట్టి, బూట్లు తొడుక్కుంటూ, "వెళ్ళొస్తానమ్మా!" అని కేకేసేది. జవాబు ఎలాగూ రాదు కదా, ఆగేది కాదు. తలుపు దబ్బున పడేది.

ఇలా ఎనిమిది నెలలు గడిచాయి. ఒక ఆదివారం పొద్దున తల్లి "చూడు, చూడు" అంటూ కళ్ళతో ఫోను వైపు చూపించింది. భూతద్దం వంగి చూసింది. ఫోను నిండిపోయిందనీ, ఇక ఫోటోలు పట్టవనీ తెర మీద రాసి ఉంది. దాని వెనక చిన్న చిన్న గళ్ళలో వరసగా ఫోటోలు. గోడ, గడియారం, బీరువా. మళ్ళీ గోడ, గడియారం, బీరువా. నూట డెబ్బై ఒకటి ఉన్నాయి.

"అయ్యో అమ్మా, వేలు తగిలి అన్నీ ఒకటే ఫోటోలు పడిపోయాయే! అందుకే నిండిపోయింది. ఉండు, ఇప్పుడే ఖాళీ చేస్తా."

"చూడు."

"చూశానమ్మా."

చూడలేదు. ఆఫీసులో ఎవడో గీసిన బటన్‌ని ఎనిమిదింతలు పెద్దది చేసి మరీ చూసే మనిషి, కన్నతల్లి చూడమంటే గళ్ళలో బొమ్మలు చూసి ఊరుకుంది. ఆమెను తిట్టాలంటే నాకూ నోరు రాదు. ఇంట్లో పని, ఆఫీసులో పని, మనిషి నలిగిపోయి ఉంది. అయినా చూడలేదు, అది నిజం.

ఫోటోలన్నీ తన లాప్‌టాప్‌లోకి ఎక్కించి, ఫోనులోవి తీసేసింది. అచ్చుగుద్దినట్టు ఒకటే అయిన ఫైళ్ళను పట్టే కమాండు ఒకటుంది, ప్రతి ఫైలుకూ వేలిముద్ర లాంటి అంకె తీస్తుంది. ముందు దాన్ని నడిపింది. ఏ రెండు వేలిముద్రలూ కలవలేదు. కలవ్వు, ఒకే గోడను వెంటవెంటనే రెండుసార్లు తీసినా ఫైళ్ళు వేరే. సరే అని కంపేర్‌ని పిలిచింది. తను తీసిన మొదటి ఫోటో అసలుది, మిగిలినవన్నీ దాంతో పోల్చు, రంగులో నూటికి పది వదిలెయ్, చుక్కల్లో నూటికి రెండుకన్నా తక్కువ మారితే చెరిపెయ్. ఆఫీసులో ఏళ్ళ తరబడి వాడిన అంకెలే. అలవాటు కొద్దీ, ఏ ఫైలు పోయింది, అందులో ఎన్ని చుక్కలు మారాయి అన్నది ఒక జాబితాగా రాసిపెట్టమంది. పావుగంటలో పనైపోయింది. ఏడు మిగిలాయి. చెత్తబుట్ట కూడా ఖాళీ చేసి, ఆ ఏడింటినీ తిరిగి ఫోనులో పెట్టింది.

"అయిపోయిందమ్మా. ఇక ఎన్ని కావాలంటే అన్ని తీసుకో."

తల్లి బొటనవేలితో తెర జరిపింది. ఒకటి, రెండు, మూడు. ఏడో దాని దగ్గర ఆగింది. ఇంకా జరపబోయింది, జరగలేదు. వెనక్కి వచ్చి మళ్ళీ మొదటినుంచి జరిపింది. కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి.

"ఇంత చిన్నదానికే ఏడుస్తారా ఎవరైనా?" అని భూతద్దం నవ్వుతూ తువ్వాలుతో తుడిచింది. ఆనందబాష్పాలనుకుంది మరి! ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ ఆమెకు తన చెంప తనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆ తర్వాత తల్లి ఫోటోలు తీయలేదు. స్టాండును ఎడమచేత్తో పక్కకు నెట్టేసింది. చెయ్యి నొప్పేమో అనుకున్నారు. గురువారం జ్వరం వచ్చింది, ఊపిరితిత్తుల్లోకి దిగింది. ఆసుపత్రిలో పదో రోజున పోయింది.

రెండు నెలల తర్వాత ఒక సాయంత్రం తండ్రి ఆ పాత ఫోను పట్టుకుని కూతురి దగ్గరకొచ్చాడు. జేబురుమాలుతో తుడిచి, ఛార్జింగు పెట్టి మరీ తెచ్చాడు.

"చిట్టీ, అవి కాస్త చూపించమ్మా."

"ఏవి నాన్నా?"

"మీ అమ్మ తీసినవి. నువ్వు వెళ్ళేవి."

"నేను వెళ్ళేవేంటి?"

"అదే, పొద్దున నువ్వు ఆఫీసుకు వెళ్ళేటప్పుడు తీసేదిగా. అద్దంలో." కూతురి మొహం చూసి, ఈ పిల్లకు వివరంగా చెప్పాలి కాబోలు అనుకున్నాడు. "తలుపేమో మంచం వెనకాలాయె. మెడ తిరగదాయె. నువ్వు వెళ్తుంటే గొంతు వినపడేది, మనిషి కనపడేది కాదు. తెగ ఏడ్చేది. బస్సులో మేం రోడ్డు చూస్తూనే వెనక తలుపు దగ్గర ఎవరు దిగారో చూస్తాం కదా, అలా అద్దం తిప్పి పెట్టా. ఎండ పడితే అద్దం తెల్లగా మెరిసిపోద్ది, ఏమీ కనపడదు. అందుకే తెర మూసేవాణ్ణి."

"నాకెందుకు చెప్పలేదు నాన్నా?"

"చెప్పేదేముంది ఇందులో?" అన్నాడాయన. "సాయంత్రం నువ్వొచ్చేలోపు ఇద్దరం కూర్చుని చూసేవాళ్ళం. నిన్న పచ్చ చొక్కా, ఇవాళ నీలం. ఇవాళ తల దువ్వుకోలేదు, ఇవాళ సంచి కొత్తది. నేను కనిపెట్టలేకపోతే గుచ్చి గుచ్చి చూపించేది. పొద్దుపోయేది మాకు." ఫోను కూతురి చేతిలో పెట్టాడు. "ఇందులో లేవని ఆ ఆదివారం ఒకటే ఏడుపు. నేనే సముదాయించా. పిచ్చిదానా, మన చిట్టి పారేసే పిల్లా? కంప్యూటర్లో భద్రంగా దాచి ఉంటుంది అని."

భూతద్దం ఫోనును బోర్లా తిప్పి పట్టుకుంది.

"ఉన్నాయి నాన్నా," అంది. "కంప్యూటర్లో ఉన్నాయి. రెండ్రోజుల్లో తీసిస్తా."

ఆ మాటను అబద్ధం కానివ్వకుండా చూసుకోవడం తప్ప ఆమెకు లోకంలో ఇక వేరే పని లేకపోయింది. ఆఫీసుకు సెలవు పెట్టి గది తలుపు వేసుకుని కూర్చుంది. చెరిపేసిన ఫైలు చెరిపేసినంత మాత్రాన మాయమైపోదు, దాని పేరు మాత్రమే పోతుంది. ఆ చోట మరొకటి రాసేదాకా అది డిస్కులోనే పడి ఉంటుంది. అలాంటివాటిని తవ్వి తీసే కమాండ్లు ఉన్నాయి, ఆమెకు అవన్నీ కొట్టిన పిండి. కానీ ఆ చోట మరొకటి రాసింది కూడా ఆమే. రెండు నెలలుగా రోజూ వందల తెరల ఫోటోలు అదే డిస్కులోకి దించింది. బటన్లు, పెట్టెలు, నిన్నటివీ ఇవాళ్టివీ.

రోజంతా తవ్వితే ముప్పై ఒక్క ముక్కలు దొరికాయి. ఒక్కో దాన్నీ తెరిచింది. ప్రతి దాంట్లోనూ పై భాగం బాగానే ఉంది. గోడ, గడియారం. ఎనిమిదీ పదకొండు, ఎనిమిదీ పన్నెండు, మళ్ళీ ఎనిమిదీ పదకొండు. దాని కింద, అద్దం మొదలయ్యే దగ్గర్నుంచి, ఒట్టి బూడిదరంగు. ఫోనులో కూడా వెతికింది, అక్కడ అదీ లేదు. రెండో రోజు ఇంకో కమాండు, ఇంకో కమాండు. తల ప్రాణం తోకకొచ్చింది గానీ ముప్పై ఒకటి ముప్పై రెండు కాలేదు.

మూడో రోజు పొద్దున ఆమెకు ఆ జాబితా గుర్తొచ్చింది. తెరిచింది. నూట అరవై నాలుగు వరసలు, ఒక్కో వరసలో ఒక తేదీ, ఒక అంకె. నలభై ఒక్క వేల రెండు వందలు. ముప్పై ఎనిమిది వేల తొమ్మిది వందలు. నలభై నాలుగు వేలు. ఏదో మామూలు అంకెల్లా చూస్తూ పోయి, సగంలో ఆగిపోయింది. అసలు ఫోటోలో అద్దం ఖాళీ, తనే తీసింది. గోడ మారదు, బీరువా మారదు. గడియారం ముళ్ళెంత, పిసరంత. మరి మారిన చుక్కలు ఎవరు?

ఒక్కో ఫోటోలో కోటీ ఇరవై లక్షల చుక్కలు. నూటికి రెండంటే రెండు లక్షల నలభై వేలు. అద్దంలో, అంత దూరాన, స్టూలు మీద వంగి బూట్లు తొడుక్కునే మనిషి యాభై వేలు కూడా దాటలేదు. దాదాపు ఏమీ లేనట్టే. ఎనిమిది నెలలు తల్లి ఏరి ఏరి దాచుకున్నదాన్ని, తన ఫోటోతో పోల్చి, తన అంకెలు ఇచ్చి, తనే తుడిచేసింది.

ఆమె లాప్‌టాప్ పట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది. తండ్రి గిన్నెలు కడుగుతున్నాడు.

"నాన్నా, అబద్ధం చెప్పా. లేవు. నేనే చెరిపేశా. అన్నీ ఒకలాగే ఉన్నాయని."

ఆయన కుళాయి కట్టాడు. చేతులు తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

"అన్నీనా?"

"ఏడున్నాయి. పనికొచ్చేవి కావు."

"ఏవీ, చూపించు."

ఇద్దరూ వంటింటి బల్ల దగ్గర కూర్చున్నారు. మొదటిది ఆమె తీసిన ఖాళీ అద్దం. తర్వాత నాలుగూ తెర తీసిన రోజులవి, ఆమె పంతం నెగ్గిన రోజులు. అద్దమంతా తెల్లటి మెరుపు. ఆరో దాంట్లో కెమెరాకు అడ్డంగా తండ్రి వీపు. మొత్తం చెడిపోయిన ఫోటోలనే ఏరి ఉంచింది ఆ కమాండు, తేడా ఎక్కువున్నాయని. ఏడోది తెరవగానే ఆయన ముందుకు వంగాడు.

"ఇదుందిగా! ఇదొక్కటి చాలమ్మా. ఇదంటే ఎంత ప్రాణమో దానికి. రోజూ ఆఖర్న ఇదే చూసేది. తిరిగొచ్చావని."

అద్దం నిండా భూతద్దమే ఉంది. ఒక కాలికే బూటు ఉంది. ఆ రోజు ఆమెకు గుర్తుంది. బూట్లు తొడుక్కుంటూ తాళాలు గుర్తొచ్చి గదిలోకి పరిగెత్తుకొచ్చింది. మంచం పక్కన కొక్కేనికున్న తాళాలు లాక్కుని, "ఇక్కడెవరు పెట్టారు వీటిని?" అని కసిరి వెళ్ళిపోయింది. ఫోటోలో కనుబొమ్మలు ముడిపడి ఉన్నాయి. చూపు కొక్కెం మీద ఉంది. పక్కనే మంచం మీద మనిషి ఉందన్న ధ్యాసే లేదు ఆ మొహంలో. నూట అరవై నాలుగు పోయి మిగిలింది ఇది.

ఏం చెయ్యాలో తోచక ఆమె వేళ్ళు అలవాటైన పని చేశాయి. నల్లటి కిటికీలో కంపేర్ అని కొట్టి, మొదటి ఫోటో, ఏడో ఫోటో ఇచ్చింది. వెలిసిపోయిన గది వచ్చింది, దాని నడుమ మనిషి ఆకారంలో ఇంత ఎరుపు.

"ఈ ఎర్రగా ఉన్నది నువ్వేనా?" అన్నాడు తండ్రి.

"నేనే నాన్నా."

మూసేయబోయింది. పత్రిక పేజీ మీద పెన్సిలు విసిరికొట్టిన పిల్లే ఇంకా. ఇంకోటి ఉంది, చూడు, అని ఎవరూ అనలేదు, అనేవాళ్ళు లేరు. అయినా చెయ్యి ఆగింది. అద్దం కింది మూలన, ఆ పెద్ద ఎరుపుకు ఎక్కడా తగలకుండా, చిన్న ఎర్రటి మచ్చ ఉంది. పెద్దది చేసింది. మచ్చకు పైన అయిదు కొమ్మలున్నాయి.

ఏడో ఫోటో తెరిచి ఆ మూలను పెద్దది చేసింది. అద్దం అంచున మంచం పట్టె, దుప్పటి చివర, దాని పైన ఎత్తిన చెయ్యి. ఎడమ చెయ్యి. అయిదు వేళ్ళూ విప్పి ఉన్నాయి. ఇటూ అటూ కాస్త చెదిరి ఉన్నాయి, కదులుతున్న చెయ్యిలా.

"నాన్నా, ఇదేంటి?"

"అమ్మ చెయ్యి." ఆయన తెర మీద దాన్ని వేలితో తాకాడు. "టైమరు పెట్టావుగా నువ్వు. వేలు ఆనించి, చెయ్యెత్తి ఊపేది. నువ్వు వెళ్ళొస్తానంటావు, నోటితో సరేననలేదు కదా పాపం."

"రోజూనా?"

"రోజూ."

"నా వీపు ఉండేది కదా నాన్నా ఇటువైపు. నాకెలా కనపడుతుంది?"

"తిరిగితే కనపడుద్ది. అద్దంలో తనకి నువ్వు కనపడితే నీకూ తను కనపడాలి కదా. నేనే చెప్పా దానికి. బస్సులోనూ అంతే, అద్దంలో నేనెవరి మొహం చూస్తే వాళ్ళకు నా మొహం కనపడుద్ది అని. నువ్వు తలుపేశాక నా వైపు చూసేది. చూసిందా అని, కళ్ళతో అడిగేది."

"నువ్వేమనేవాడివి?"

"చూసిందనేవాణ్ణి."

భూతద్దం ఆ చెయ్యినే చూస్తూ ఉంది. కళ్ళలో నీళ్ళు నిండి వేళ్ళు లెక్కకు అందకుండా పోయాయి.

"నేను ఒక్కసారైనా చూశానా నాన్నా?"

తండ్రి కూతురి తల మీద చెయ్యి వేశాడు. ముప్పై ఏళ్ళు స్టీరింగు పట్టి మొద్దుబారిన చెయ్యి అది, మెల్లగా నిమిరాడు.

"నీకు టైమైపోయేది కదమ్మా," అన్నాడు.